అన్నపూర్ణ మేడమ్ గొంతుకు వీడ్కోలు సభ

మోవా, రాయ్‌పూర్,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యురాలు, జూనియర్ కాలేజీ సివిక్స్ లెక్చరరు, మన ఇంటికి పెద్ద నోరు అయిన పద్మక్క సముఖానికి,

చెల్లెలు శిరీష నడుము సహకరించినంత మేరకు వంగి చేసే నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఎండలకు కాస్త మాడాను గానీ ఇంకా గుర్తుపట్టగలరు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నాన్న షుగరు మాత్ర మింగుతున్నారా, చొక్కా జేబులో పెట్టుకుని మింగేశానంటున్నారా? బావగారి బదిలీ గొడవ తేలిందా? బుజ్జిగాడికి ముందుపన్ను ఊడిందని తెలిసి తీవ్రంగా విచారించాను. నా తరఫున సంతాపం తెలియజేయగలవు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఈమధ్య ఫోను చేసినప్పుడల్లా నేను నవ్వుతూనే మాట్లాడాను. మీరు నమ్మారు. నవ్వించే మనిషికి ఉన్న సౌకర్యమే అది, ఎవరికీ అనుమానం రాదు. ఒక సంగతి నీకు చెబుదామని చాలాసార్లు మొదలుపెట్టి, మధ్యలో ఏదో జోకు వేసి తప్పించుకున్నాను. కాగితం ముందు కూర్చుంటే అలా కుదరదని ఇలా కూర్చున్నాను. బాగానే ఉన్నానని మళ్ళీ చెబుతున్నాను. అమ్మకు చదివి వినిపించేటట్టయితే ఆసుపత్రి భాగం వదిలేసి చదువు.

ముందుగా నా ఉద్యోగ వైభవం. ఇక్కడి యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన మహిళా ప్రొఫెసర్ల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి, హిందీలో రాసి ఇవ్వడం నా పని. హోదా ప్రాజెక్ట్ అసిస్టెంటు. హోదాతో పాటు ఒక కుర్చీ ఇచ్చారు, దాని మూడు కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అద్దెగది మోవాలో. భోజనం ఇంటి యజమానురాలి దగ్గరే. అన్నానికి లోటు లేదు, ఇది వరి పండే దేశం. కూర మాత్రం రోజూ భాజీ. భాజీ అంటే ఆకుకూర. ఎర్రది, పచ్చది, పుల్లది, పేరు తెలియనిది. ఒక మేక ఎంత నిండుగా బతకగలదో అంత నిండుగా బతుకుతున్నాను. ఎండలు పోయి వానలు మొదలయ్యాయి. గొడుగు కొన్నాను. పోగొట్టాను. మళ్ళీ కొన్నాను.

ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు లేకపోలేదు, రైల్వే కాలనీల వైపు చాలామందే ఉన్నారు. మా మోవా వీధిలో మాత్రం తెలుగు మాట్లాడాలంటే అద్దం ముందు నిలబడాలి. అద్దంలో మనిషి కూడా నేను చెప్పిన జోకులే నాకు చెబుతుంది. సాయంత్రమైతే గదిలోకి వెళ్ళబుద్ధయ్యేది కాదు. బస్సు దిగి వీధి చివరి దాకా వెళ్ళి, కొనేదేమీ లేకపోయినా కూరగాయల బండి దగ్గర కాసేపు నిలబడి, అప్పుడు ఇంటికి వచ్చేదాన్ని. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు కదా.

అలాంటి రోజుల్లో మా ప్రాజెక్టు సారు ఒక చిరునామా ఇచ్చి, "ఈవిడ మీ మద్రాసీయే" అన్నాడు. ఆయన లెక్కలో నాగపూర్ దాటితే అంతా మద్రాసే. దేవేంద్ర నగర్లో చిన్న మేడ, ముందు వరండా. గంట కొడితే పొడుగ్గా, సన్నగా ఒకావిడ తలుపు తీసింది. అన్నపూర్ణ మేడమ్. భూగోళం ప్రొఫెసరుగా రిటైరై చాలా కాలమైంది. నేను వల్లెవేసుకొచ్చిన హిందీ పలకరింపు సగంలో ఉండగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఏ ఊరే నీది?"

"బొబ్బిలండి."

"బొబ్బిలా? మా నాన్న రైల్వే గార్డు. బొబ్బిలి స్టేషన్లో ఎన్నిమాట్లు పచ్చజెండా ఊపీసుంటాడో లెక్క లేదు. రా, కుర్సీ ఇలా ఖీంచుకుని కూకో. నీ మెషీను తర్వాత. ముందు ఏటైనా మాటాడు. తెలుగు విని జమానా అయిపోయింది. మా అమ్మ పోయాక ఇంట్లో తెలుగు బంద్."

అక్కా, ఆ రోజు నేను ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. మన వీధి గురించీ, నాన్న సైకిలు గురించీ, నీ పెళ్ళిలో పులిహోర చాలకపోవడం గురించీ. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది, పాట విన్నట్టు. నా మాటలు ఎవరైనా అలా వినడం నా చరిత్రలో లేదు. మన ఇంట్లో నేను నోరు తెరిస్తే నువ్వు రేడియో పెంచేదానివి.

ఆవిడ గొంతు మొదటి రోజు నుంచే బొంగురుగా ఉండేది. మాట మధ్యలో తెగేది. రెండు వాక్యాలకొకసారి ఆగి సకిలించేది. నేను మంచినీళ్ళు ఇవ్వబోతే పక్క సందులోంచి శకుంతల మేడమ్ ప్రత్యక్షమయ్యేది. ఈవిడ కూడా అదే డిపార్టుమెంటులో ప్రొఫెసరు, ఛత్తీస్‌గఢీ మనిషి, తెలుగు ముక్క రాదు. పొట్టిగా, గుండ్రంగా, నిప్పుకణికలా ఉంటుంది. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారట. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు డబ్బా. అందులో అతిమధురం ముక్కలు, పటికబెల్లం, మిరియాలు. "కా హోగే, ఫిర్ గలా?" అంటూ వచ్చి, అంటే మళ్ళీ గొంతేనా అని, ఒక ముక్క అన్నపూర్ణ మేడమ్ నోట్లో పెట్టేది, పిల్లలకు పెట్టినట్టు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను రికార్డు చేయడానికి వెళ్ళిన ప్రతి మేడమ్ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంది. వాళ్ళు చేరిన రోజుల్లో మైకులు లేవు. పెద్ద హాలు, వెనక బెంచీల్లో మగపిల్లలు, నెత్తిన ఫ్యాను రొద. ఆడమనిషి గొంతు చివరి దాకా చేరదని పైవాళ్ళు ముందే తీర్మానించేశారట. ఇంటర్వ్యూలో అన్నపూర్ణ మేడమ్‌ని, "మీ గొంతు ఆఖరి బెంచీకి వినిపిస్తుందా?" అని అడిగారట. ఆవిడ లేచి గది బయటకు వెళ్ళి, వరండా ఆ చివర నిలబడి, "ఇక్కడికి వినిపిస్తోందా సార్?" అని అడిగింది. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత జీవితమంతా ఆ చివర నిలబడి మాట్లాడినట్టే మాట్లాడారు, అందరూనూ. గొంతు బొంగురుపోవడం వాళ్ళకు జబ్బు కాదు, సర్వీసులో సంపాదించుకున్న పతకం. ఒకరి గొంతు పోతే మిగతావాళ్ళు నవ్వుతూ అతిమధురం అందించేవారు. రిటైరయ్యాక కూడా అన్నపూర్ణ మేడమ్ గొంతు ఏడాదికి పైగా అలాగే ఉంటే ఎవరికీ ఏమీ తోచలేదు. ఇన్ని చదువులు చదివిన ఇంతమంది కలిసి ఆవిడకు పసుపు పాలు, తులసి కషాయం, అతిమధురం ఇస్తూ వచ్చారు. ఒక్కరు కూడా డాక్టరు అనలేదు. నేనూ అనలేదు. నేను వచ్చింది ఆఖర్లోనే, అయినా అనలేదు.

ఒకరోజు దగ్గినప్పుడు రుమాలు ఎర్రబడింది. భిలాయిలో స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన ఆవిడ తమ్ముడు, తెలుగు ఎప్పుడో మరిచిపోయినాయన, వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. శకుంతల మేడమ్, నేను వెంట వెళ్ళాం. ముక్క తీసి పరీక్ష చేశారు. స్వరపేటికలో క్యాన్సరు. పాకింది. పెట్టె మొత్తం తీసేయాలి, లేకపోతే ఊపిరికే మోసం అన్నారు. డాక్టరు కుర్రవాడే. కోపంతో కాదు, మామూలుగా అడిగాడు, "ఇన్నాళ్ళు ఏం వాడారు?" అని. శకుంతల మేడమ్ చేతిలో ఆ డబ్బా ఉంది. చీర కుచ్చిళ్ళ చాటుకు జరుపుకుంది. నేను చూశాను. అన్నపూర్ణ మేడమ్ కూడా చూసింది. ఆ రోజు తర్వాత శకుంతల మేడమ్ ఆ ఇంటికి రావడం మానేసింది.

నీ గొంతు నెల రోజులుగా బొంగురుగా ఉందని మొన్న అమ్మ అంది. అతిమధురం నములుతున్నావట. అది పారేసి విజయనగరం వెళ్ళి చూపించు. ఏమీ ఉండదు, నాకు తెలుసు, అయినా చూపించు. ఈ పేరాలో జోకు లేదు, వెతకకు.

ఆపరేషనుకు రోజు ఖాయమైంది. తర్వాత మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఉంటుందని, అలవాటు చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. మేడమ్ తల ఊపింది. ఇంటికొచ్చాక నాతో అంది, "యంత్రం మాటాడితే మాటాడనీ. అది నా గొంతు కాదు గదా. ఉన్న గొంతు ఏటి చెయ్యాలో ఆలోచించాలి."

మరుసటి రోజు మెషీను పెట్టి కూర్చుంటే, హిందీలో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పింది. సారు తెలుగు తీసుకోరు మేడమ్ అన్నాను.

"తీసుకోకపోతే మానీ. ముప్పై ఏళ్ళకు పైన హిందీలో పాఠం చెప్పినాను, హిందీలో దరఖాస్తు పెట్టినాను, హిందీలో దెబ్బలాడినాను. తెలుగు మటుకు కొత్తచీర లాగ బీరువాలో ఉండిపోనాది. ఇప్పుడు కట్టుకోకపోతే మరెప్పుడే?"

అలా మొదలైంది. రోజూ సాయంత్రం కాసేపు, ఊపిరి అందినంత వరకు. సారు ఇచ్చిన ప్రశ్నల్లో సాధించిన ఘనతలు అని ఒకటుంది. దానికి ఆవిడ చెప్పింది, వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చి పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని స్టేషన్ల పేర్లు వల్లించేవాడని. మహాసముంద్, కాంటాబాంజీ, టిట్లాగఢ్, కేసింగా, మునిగుడ, రాయగడ, పార్వతీపురం. పార్వతీపురం వచ్చేసరికి అందరూ నిద్రపోయేవారట, ఈవిడ తప్ప. భూగోళం మీద మోజు అక్కడే పుట్టిందంది. హెడ్ పదవి తన వంతుకు వచ్చినప్పుడు, పొద్దుపోయే దాకా ఉండాల్సి ఉంటుంది, ఆడవాళ్ళకెందుకు ఇబ్బంది అని తన తర్వాత చేరినాయనకు ఇచ్చారని చెప్పింది. "నా ఇబ్బంది గురించి అంత బాధపడినోళ్ళు, సైన్సు బిల్డింగులో ఆడోళ్ళకి బాత్రూము కట్టడానికి మాత్రం ఏళ్ళు తీసుకున్నారు," అని నవ్వబోయి, దగ్గి, మెషీను ఆపమని సైగ చేసింది.

సారుకు వినిపించాను. ఆయన హెడ్‌ఫోను తీసి, "ఇదెవరికి అర్థమవుతుంది?" అన్నాడు. నాకు అర్థమవుతుంది సార్ అన్నాను. ప్రాజెక్టుకు సంబంధించినంత వరకు నేను ఎవరినీ కానని తేల్చి, హిందీలోకి మార్చి ఘనతల భాగం మాత్రం ఇవ్వమన్నాడు. ఆయన మంచివాడే, ఆయనకూ పైన ఒక సారున్నాడు. రాస్తున్నాను. మిగతాది నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇక సభ సంగతి. ఇక్కడ ప్రొఫెసరు రిటైరైతే ఒక పద్ధతుంది. శాలువా, కొబ్బరికాయ, ఫ్రేము కట్టిన సన్మానపత్రం, తలా ఒక ప్రసంగం, ఆఖరున రిటైరయ్యే మనిషి జవాబు. ఈ జవాబు చాలా ముఖ్యం. కొందరు సర్వీసంతా దాన్నే మనసులో రాసుకుంటూ ఉంటారట. అన్నపూర్ణ మేడమ్ రిటైరైన రోజు ముఖ్య అతిథికి ఇంకెక్కడో రిబ్బను కత్తిరించే పని ఉందని, ఈవిడ లేచేసరికి, "మేడమ్, రెండు ముక్కల్లో కానివ్వండి" అన్నారట. "అందరికీ ధన్యవాదాలు" అని ఈవిడ కూర్చుంది. అవే ఆ రెండు ముక్కలు.

కెమిస్ట్రీలో పనిచేసిన తారా మేడమ్ అని ఒకావిడ ఉంది. పెదవులకు రంగు, చేతిలో కర్ర, ఎవరినీ లెక్కచేయదు. ఆవిడ ఫోను చేసి నాతో అంది, "మనిషికి వీడ్కోలు సభ అయింది, గొంతుకు కాలేదు. ఆదివారం చేస్తున్నాం. కుర్చీలు నువ్వు సర్దు." నేను వేళాకోళమనుకున్నాను. నీకు తెలుసుగా, వేళాకోళం విషయంలో నాకంటూ ఒక ప్రతిష్ఠ ఉంది. కానీ ఆదివారం సాయంత్రం ఆ వరండాలోకి రిటైరైన మేడమ్‌లు ఒక్కొక్కరే ఆటోలు దిగారు. పట్టుచీరలు. ఒకావిడ చేతిలో కొబ్బరికాయ, ఇంకొకావిడ చేతిలో శాలువా. తారా మేడమ్ దగ్గర సన్మానపత్రం, నిజంగా ఫ్రేము కట్టించింది. ముఖ్య అతిథి కుర్చీ ఖాళీగా ఉంచి, "ఈయన రిబ్బను కత్తిరించడానికి వెళ్ళాడు, మనకు బోలెడు టైముంది" అని ప్రారంభించింది. అందరూ పగలబడి నవ్వారు. అన్నపూర్ణ మేడమ్ శబ్దం లేకుండా భుజాలు కదిలించి నవ్వింది.

శకుంతల మేడమ్ కూడా వచ్చింది. వచ్చి ఎవరి మొహమూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, టీ నేను పెడతానని అక్కడే ఉండిపోయింది. ఇంతమందికి టీ అంటే వంటింట్లో ఎంతసేపైనా ఉండొచ్చు.

ప్రసంగాలు సాగాయి. ఒకావిడ అభన్‌పూర్ ప్రయాణం చెప్పింది. నేల కొలతలు నేర్పడానికి ఆడపిల్లల్ని చిన్నరైల్లో అభన్‌పూర్ తీసుకెళతానంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోలేదట. అన్నపూర్ణ మేడమ్ ఇంటింటికీ వెళ్ళి కూర్చుంది. ఒక తండ్రి, "ఏమైనా అయితే జవాబుదారీ ఎవరు?" అన్నాడట. "మీరూ రండి, గొలుసు పట్టుకోవడానికి మనిషి కావాలి" అందట. ఆయన వచ్చాడు. రోజంతా ఎండలో పొలం గట్ల మీద కొలతగొలుసు పట్టుకుని, సాయంత్రానికి తన కూతురు లెక్క తప్పు వేసిందని మేడమ్‌కు ఫిర్యాదు చేశాడు.

తర్వాత తారా మేడమ్ హాజరు సంగతి చెప్పింది. అన్నపూర్ణ మేడమ్ ఎప్పుడూ నంబర్లతో హాజరు తీసుకునేది కాదు, పూర్తి పేరు పిలిచేది. ఏడాది మధ్యలో ఏ ఆడపిల్లకైనా పెళ్ళి చేసి చదువు మానిపిస్తే ఆఫీసువాళ్ళు పేరు కొట్టేసేవారు. ఈవిడ మాత్రం పరీక్షల దాకా రోజూ ఆ పేరు పిలిచేది. పిలిచి, జవాబు రావడానికి పట్టేంతసేపు ఆగేది. అప్పుడే తర్వాతి పేరు.

"సావిత్రీ సాహూ అని ఒక పిల్ల ఉండేది," అంది తారా మేడమ్. "రోజూ ఆ పేరు పిలిచి ఆగితే క్లాసు క్లాసంతా తలలు దించుకునేది. హెడ్ పిలిచి, కొట్టేసిన పేరు ఎందుకు పిలుస్తున్నావని అడిగాడు. కొట్టేసింది ఆఫీసు, నేను కాదు అంది."

"సావిత్రి తిరిగి వచ్చిందా మేడమ్?" అని అడిగాను. నాకు కథలు బాగా ముగియాలి.

"రాలేదు," అంది తారా మేడమ్. "ఎవరూ రాలేదు. మరుసటేడు మాత్రం ఇంట్లో పెళ్ళిమాట ఎత్తితే ఇద్దరు ముగ్గురు పిల్లలు పరీక్షలయ్యే దాకా ఆగమని పేచీ పెట్టారట. లేకపోతే మేడమ్ రోజూ నా పేరు పిలుస్తుంది, పరువు పోతుంది అని."

అప్పుడు శాలువా కప్పారు. కొబ్బరికాయ చేతిలో పెట్టారు. సన్మానపత్రం చదివారు, అందులో ఆవిడ గొంతును ఆవిడ అని, గౌరవనీయులు అని రాశారు. ఇక జవాబు. నేను మెషీను నొక్కి పట్టుకున్నాను. అందరూ కొంగులు సర్దుకుని ముందుకు వంగారు. ఇంత జీవితం గురించి ఈ కాస్త ఊపిరితో ఏం చెబుతుంది?

ఆవిడ లేచి నిలబడింది. కుర్చీ వీపు పట్టుకుంది. ప్రసంగం మొదలుపెట్టలేదు. హాజరు తీసుకుంది.

"తారా బక్షీ."

తారా మేడమ్ ఒక్క క్షణం తెల్లబోయి, కర్ర పక్కనబెట్టి, క్లాసులో పిల్లలా లేచి, "ప్రెజెంట్ మేడమ్" అంది.

తర్వాతి పేరు. ఆవిడా లేచింది. ఆ తర్వాతి పేరు. అదంతా లేడీస్ స్టాఫ్‌రూములో కూర్చున్న వరస అట, తర్వాత చెప్పారు. "ఉషా మిశ్రా" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. ఉషా మేడమ్ పోయి చాలా ఏళ్ళయింది. జవాబు రావడానికి పట్టేంతసేపు ఆగింది. వరండాలో ఫ్యాను చప్పుడు. ఎవరో ముక్కు చీదారు. ఆవిడ తర్వాతి పేరుకు వెళ్ళింది.

"శకుంతలా వర్మా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. జవాబు లేదు. మేడమ్ ఆగింది. అందరికీ ఆగినంతసేపే ఆగి ముందుకు పోతుందనుకున్నాం. పోలేదు. ఏ పేరూ రెండోసారి పిలిచే అలవాటు ఆవిడకు లేదని అక్కడున్న అందరికీ తెలుసు. గట్టిగా గాలి పీల్చుకుని, ఆ చిరిగిన గొంతునంతా పోగుచేసి, వరండా ఆ చివరికి వినిపించేటట్టు మళ్ళీ పిలిచింది.

"శకుంతలా వర్మా."

శకుంతల మేడమ్ గుమ్మంలోకి వచ్చింది. చేతులకు పాల మీగడ, మొహమంతా తడి. "మైంనే తుఝే ములేఠీ ఖిలాయీ," అంది. నేను నీకు అతిమధురం తినిపించాను అని. అదొక్కటే అంటూ నిలబడింది. "ఏడాదంతా తినిపించాను, అన్నపూర్ణా. ఏడాదంతా."

"శకుంతలా," అంది మేడమ్ హిందీలో, బాగా మెల్లగా. "హాజరు వేయాలి. ఉన్నావా, లేవా?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "ఉన్నాను."

మేడమ్ కూర్చుంది. సభ ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. టీ పొంగిపోయి స్టవ్వు ఆరిపోయిన వాసన వస్తుంటే నేను లోపలికి పరిగెత్తాను. అక్కడ గ్యాసు కట్టేసి, గోడకు ఆనుకుని, మన వంశంలో ఎవరూ ఏడవనంత అసహ్యంగా ఏడ్చాను. ఆ సాయంత్రం నీకు ఫోను చేసి, ఒక పార్టీకి వెళ్ళానని, టీ పొంగించేశానని చెప్పింది ఇదే. నువ్వు నవ్వావు.

ఆపరేషను అయింది. చాలా గంటలు పట్టింది. మత్తు ఇచ్చే ముందు ఆవిడ ఆఖరున ఎవరితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నర్సుతో ఏదో అందట, దుప్పటి చాలదనో ఏదో. మనం అనుకున్నట్టు ఆఖరి మాటలు ఉండవు కాబోలు. ఇప్పుడు మెడలో రంధ్రం, అందులోంచి ఊపిరి. కరెంటు పెట్టడం, అదే రేడియేషను, ఇంకా ఉంది. జబ్బు మొత్తం పోయిందా, మిగిలిందా అని డాక్టరు కచ్చితంగా చెప్పడం లేదు. మేము కచ్చితంగా అడగడం లేదు.

ఇంటికి తీసుకొచ్చారు. శకుంతల మేడమ్ తన పరుపు తెచ్చి అదే గదిలో వేసుకుంది. ఇప్పుడు ఆవిడే దుబాసీ. అన్నపూర్ణ మేడమ్ చేత్తో చిన్న సైగ చేస్తే చాలు, "ఆవిడ ఏమంటుందంటే" అని మొదలుపెట్టి పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. సగం తన సొంత అభిప్రాయాలే. నిన్న భిలాయి తమ్ముడిని, "నువ్వు పొట్ట తగ్గించాలంటోంది" అని తిట్టిపోసింది. మేడమ్ అలా ఏమీ అనలేదు, మంచం బల్ల మీద చేత్తో కొట్టి మరీ కాదంది. "చూశావా, ఎంత కోపంగా ఉందో," అంది శకుంతల మేడమ్.

హిందీకి ఆవిడ ఉంది. తెలుగుకు నేనొక్కదాన్నే. రోజూ ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళతాను. మంచం పక్కన కూర్చుని మాట్లాడతాను. మొదటి రోజు అలవాటు చొప్పున ప్రశ్నలు అడిగాను. జవాబు కోసం ఆగాను. ఆ ఆగడం ఎంత తప్పో ఆగాకే తెలిసింది. అప్పటి నుంచి ప్రశ్నలు లేవు, కబుర్లే. మన ఇంట్లో దాచాల్సిన సంగతులన్నీ దేవేంద్ర నగర్‌కు చేరిపోయాయి. నాన్న పేకాట, అమ్మ చీటీ గొడవ, నీ మొదటి పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు జంతికలు జేబులో వేసుకోవడం. క్షమించు. వాడుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

నిన్న సాయంత్రం నిజంగానే అయిపోయాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఊరుకున్నాను. నా నోటికి మాట లేకుండా పోవడం నువ్వు నమ్మవు. బయట వాన పడుతోంది. మేడమ్ నా వైపు చూసింది. పెదవులు కదిలించింది. శకుంతల మేడమ్ వెంటనే, "నీళ్ళు కావాలంటోంది," అని లేచి వెళ్ళింది. నీళ్ళు కాదు. ఆవిడకు తెలుగు రాదు కదా. ఆ పెదవులు అన్నది "ఇంకా" అని.

అందుకని అక్కా, ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. పొడుగ్గా రాయి. మన వీధిలో ఎవరు ఎవరితో అలిగారు, ఎవరింటి గేదె ఈనింది, స్టేషను దగ్గర టీ కొట్టు ఉందా తీసేశారా, బుజ్జిగాడు కొత్తగా ఏం విరగ్గొట్టాడు. ఏదైనా సరే, చిన్నదని వదలకు. నాన్నను కూడా ఒక పేజీ రాయమను. పనిలో పనిగా చోడిపిండి ఒక కిలో పంపండి. ఇప్పుడు గుక్కెడు నీళ్ళే, మెల్లగా నోటితో తిండి మొదలుపెట్టాక అంబలి కాచి ఇవ్వొచ్చన్నారు. ఇక్కడా దొరుకుతుంది గానీ, పార్వతీపురం వైపు పిండి అని చెప్పి ఇస్తే ఆ మొహంలో ఏం కనిపిస్తుందో చూడాలని ఉంది.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది. దసరాకు సెలవు అడగను, ఏమీ అనుకోకండి. అమ్మకు, నాన్నకు, అత్తయ్యగారికి, మామయ్యగారికి నా నమస్కారాలు. బావగారికి వినయపూర్వకంగా, బుజ్జిగాడికి ముద్దులు. పెద్దవాళ్ళందరి దీవెనలు కోరుతున్నాను. ఈసారి కాస్త ఎక్కువగా దీవించమను, ఇక్కడ పంచుకోవడానికి ఇంకొక మనిషి ఉంది.

నీ చెల్లెలు,
శిరీష